ఉతామారో స్త్రీల చిత్రాలకు చేతితో గీసిన నకళ్ళు: కొనేముందు ఏమి చూడాలి?

వసారా_గోడ

సభ్యులకు నమస్కారం. రెండు నెలల క్రితం ఇంటర్నెట్‌లో ఒక దుకాణం నుంచి, కాన్వాసు మీద నూనె రంగులతో చేతితో గీసిన జపాను చిత్రపు నకలు ఒకటి తెప్పించుకుని మా వసారా గోడకు తగిలించాను. ఎత్తు మూడడుగులు. తల, భుజాలు మాత్రమే కనిపించే ఒక యువతి బొమ్మ అది. వారు పంపిన కాగితంలో "ఉతామారో గీసిన జపాను వేశ్య" అని ఉన్నది. ఉతామారో రెండు వందల ఏళ్ళ క్రితపు జపాను చిత్రకారుడట. చూసినవారందరూ బాగుందనే అన్నారు. అయితే ఒసాకాలో ఆరేళ్ళు ఉద్యోగం చేసి వచ్చిన మా బావమరిది మొన్న భోజనానికి వచ్చి, చేయి కడుక్కుంటూ దాని వైపు చూసి, "ఇదేమిటి బావా, శవానికి కట్టినట్టు కట్టారు బట్ట!" అన్నాడు. అప్పటి నుంచి మా ఆవిడ ఆ గోడ వైపు చూడడం మానేసింది. అతని మాటలో నిజమెంత? ఇటువంటి నకళ్ళు కొనేవారు ఏమేమి గమనించాలో తెలిసినవారు చెప్పగలరని మనవి.

కుంచెపని

మీ బావమరిది గారు చెప్పింది నిజమే. కిమోనోను ఎప్పుడూ ఎడమ అంచు కుడి అంచు మీదికి వచ్చేటట్టు కట్టుకుంటారు. కుడి అంచును పైకి తెచ్చి కట్టడం అంత్యక్రియలకు సిద్ధం చేసిన దేహానికి మాత్రమే. బొమ్మకు ఎదురుగా నిలబడి చూస్తే, మెడ దగ్గర పైనున్న అంచు మన కుడి చేతి వైపు నుంచి ఎడమకు దిగాలి. మీ బొమ్మలో అది ఎడమ నుంచి కుడికి దిగుతుంటే, చిత్రకారుడు పొరపాటు పడ్డాడని కాదు, అతని చేతికి ఇచ్చిన ఛాయాచిత్రమే అద్దంలో ప్రతిబింబంలాగా తిరగబడి ఉన్నదని అర్థం. నేను ఇరవై ఏళ్ళుగా నకళ్ళు గీస్తున్నాను. ట్రేసింగ్ కాగితాన్ని తిరగేసి వేసుకోవడం వల్ల ఈ ప్రమాదం నాకూ ఒకసారి జరిగింది. సంతకం దగ్గరికి వచ్చేదాకా గుర్తించలేదు. మీ బొమ్మలో అక్షరాలు, చిన్న చట్రాల వంటివి ఉంటే వర్ణించండి.

వసారా_గోడ

అక్షరాలు చీమలు పాకినట్టున్నాయి, ఏ భాషో కూడా చెప్పలేను. పై మూలన ఒక చిన్న చదరం ఉన్నది. అందులో ఆకుకూర కట్టలు రెండు, ఒక బాణం, కొంత సముద్రం, మడి చెక్కలాంటిది ఒకటి. అలంకారం కోసం వేశారనుకున్నాను.

పాతముద్ర

అది అలంకారం కాదండీ, ఆ అమ్మాయి పేరు. జపాను భాషలో ఆకుకూరను "నా" అంటారు, రెండు కట్టలను "ని వా" అంటారు, బాణం "యా", తీరానికి దూరంగా ఉన్న సముద్రం "ఓకి", వరిమడి "తా". కలిపి చదివితే నానివాయా ఓకితా. ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, అసకుసా ప్రాంతపు సెన్సో-జి ఆలయం దగ్గర నానివాయా అనే టీ దుకాణంలో టీ అందించిన అమ్మాయి ఆమె. ఆమెను చూడడానికే జనం ఆ దుకాణానికి ఎగబడేవారు. ఆమె వేశ్య కాదు. మీకు అమ్మినవారు పెట్టిన పేరే తప్పు.

పేరును ఇలా పొడుపుకథగా ఎందుకు వేయవలసి వచ్చిందన్నది ఇంకా చిత్రమైన సంగతి. 1790 నుంచి ఎదోలో అచ్చయ్యే ప్రతి చిత్రం మీద తనిఖీ ముద్ర ఉండాలన్నారు. 1793లో, యోషివారా వేశ్యల పేర్లు తప్ప మరే స్త్రీ పేరూ చిత్రం మీద రాయరాదని ఉత్తర్వు వచ్చింది. అంటే టీ దుకాణపు పిల్ల పేరు అచ్చువేస్తే నేరం, ప్రభుత్వ అనుమతితో నడిచే వేశ్యావాటికలోని స్త్రీ పేరు అచ్చువేస్తే నేరం కాదు. ప్రచురణకర్తలు ఊరుకోలేదు, అక్షరాలు వద్దన్నారు గనుక ఆకుకూరలు వేశారు. 1796లో ఆ పొడుపు చిత్రాలనూ నిషేధించారు. 1800 నాటికి ముఖాన్ని దగ్గరగా, పెద్దగా చూపే ఈ "ఓకుబి-ఎ" పద్ధతే కూడదన్నారు. ఉతామారో మీద వేటు చివరికి వేరే కారణంతో పడింది. 1804లో, పదహారో శతాబ్దపు పాలకుడు తోయోతోమి హిదెయోషి జీవితం మీద వేసిన చిత్రాలకుగాను ఆయన చేతులకు 50 రోజులు సంకెళ్ళు వేశారు. రెండేళ్ళకు, 1806లో ఆయన కన్నుమూశాడు.

నెల్లూరి_నేరేడు

తోటకూర కట్టలతో పేరు రాయడం ఇప్పుడే వింటున్నాను! ఓకితా వేశ్య కాకపోతే, బొమ్మను చూసి వేశ్య ఎవరో, ఇతరులు ఎవరో పోల్చుకునే మార్గం ఏదైనా ఉన్నదా?

పాతముద్ర

నిలువెత్తు చిత్రమైతే సులభం. నడుముకు కట్టే వెడల్పాటి పట్టీని "ఓబి" అంటారు. యోషివారా వేశ్య దానిని ముందువైపు ముడి వేస్తుంది, గృహిణులూ గెయిషాలూ సాధారణంగా వెనుకవైపు వేసుకుంటారు. "ఒయిరన్" అని పిలిచే పెద్ద స్థాయి వేశ్య అయితే తల నిండా తాబేటి చిప్పతో చేసిన దువ్వెనలు, సూదులు సూర్యకిరణాల్లా విచ్చుకుని ఉంటాయి. కాళ్ళకు ఎత్తైన నల్లని చెక్క పాదుకలు. ఎంత చలికాలమైనా పాదాలకు మేజోళ్ళు ఉండవు. పక్కన "కమురో" అనే చిన్నపిల్లలు ఇద్దరు ఒకే రకం దుస్తుల్లో నడుస్తుంటారు. గెయిషా వృత్తి సంగీతం, నాట్యం; ఆమె అలంకారం ఒయిరన్ కంటే సాదాగా ఉంటుంది. అమ్మకాల పేజీలలో కిమోనో కట్టుకున్న ప్రతి స్త్రీకీ "గెయిషా" అనో "వేశ్య" అనో చీటీ అంటించడం చూసి నాకు విసుగు పుడుతుంది.

తల, భుజాల వరకే ఉన్న చిత్రమైతే పేరుతోనో, దుస్తులపై ఉండే కుటుంబ చిహ్నంతోనో పోల్చుకోవాలి. 1793 ప్రాంతంలో ఉతామారో వేసిన ముగ్గురు సుందరుల చిత్రాన్నే చూడండి. వెనుక మధ్యలో ఉన్న తోయోహినా యోషివారా గెయిషా, ముందున్న ఇద్దరిలో ఒకరు మన ఓకితా, మరొకరు ర్యోగొకులో బియ్యపు అప్పడాల దుకాణం వారి కుమార్తె ఓహిసా. ముగ్గురి ముఖాలూ మొదటి చూపుకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నిదానంగా చూస్తే ముక్కు వంపులో, కనుబొమల ఎత్తులో తేడా తెలుస్తుంది. పాలౌనియా ఆకుల చిహ్నం ఓకితాది, మూడు ఓక్ ఆకులది ఓహిసాది. ముగ్గురిలో వేశ్య ఒక్కరూ లేరు. అయినా "ముగ్గురు వేశ్యలు" అనే పేరుతో దీని నకళ్ళు అమ్ముడుపోతూనే ఉన్నాయి.

అసలైన ఒయిరన్ చిత్రం కావాలనుకుంటే ఉతామారోనే గీసిన, ఓగియా అనే వేశ్యాగృహపు హనావోగి ఉన్నది. ఆ పేరు ఒకరి తరువాత ఒకరికి వారసత్వంగా వచ్చేది. కాలంలో కొంచెం ముందుకు వస్తే కెయిసాయ్ ఎయిసెన్ ఉన్నాడు. ఆయన చిత్రాల్లో కొందరు స్త్రీల కింది పెదవి ఆకుపచ్చగా ఉంటుంది. అది అచ్చు తప్పు కాదు. కుసుమ పూల నుంచి తీసిన ఎర్రరంగును మందంగా పూసుకుంటే పచ్చని మెరుపు వస్తుంది. ఖరీదైన ఆ అలంకారం అప్పటి మోజు. నకలు గీసేవారు దానిని "సరిదిద్ది" ఎర్రగా మార్చేస్తుంటారు.

కుంచెపని

పెదవి సంగతి చెప్పి మంచిపని చేశారు. ఇక గీసేవాడి వైపు నుంచి నేను కొంత చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, మన్నించాలి.

ఉతామారో ఈ చిత్రాలను మనం అనుకునే అర్థంలో "గీయలేదు". ఆయన పల్చని కాగితం మీద నల్లని గీతలతో మూలం గీసి ఇచ్చేవాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని బోర్లా తిప్పి చెర్రీ చెక్కకు అంటించి, కాగితంతో పాటే చెక్కను తొలిచేవాడు. అంటే మూలచిత్రం ఆ పనిలోనే నాశనమైపోతుంది. ఈనాడు మనం మురిసిపోయే ఆ గీత ఉతామారో కుంచెది కాదు, చెక్కేవాడి కత్తిది. ఆ తరువాత ఒక్కొక్క రంగుకూ ఒక్కొక్క చెక్క, వాటిని వరుసగా అచ్చువేసే మనిషి, వీరందరికీ డబ్బు పెట్టి పని చేయించే ప్రచురణకర్త. ఉతామారోకు ఆ చివరి మనిషి త్సుతాయా జూజాబురో. కనుక చేతితో నకలు గీసేవాడు నలుగురి పనిని ఒక్క కుంచెతో చేయబోతున్నాడు. ఈ చిక్కును తెలుసుకోకుండా మొదలుపెట్టిన నకలు మొదటి గంటలోనే చెడిపోతుంది.

దగ్గరగా ఒక్క చోటు చూడండి: కణత దగ్గర జుట్టు మొదలయ్యే అంచు. ముద్రణలో అక్కడ వెంట్రుకలు ఒక్కొక్కటిగా చర్మంలో నుంచి మొలుచుకొస్తున్నట్టుంటాయి. ఒక్క మిల్లీమీటరు వెడల్పులో రెండు మూడు వెంట్రుకలను చెక్కలో నిలబెట్టగలవాడికే ముఖం, జుట్టు అప్పగించేవారు. దుస్తుల గీతలు శిష్యులు చెక్కేవారు. ఉడుత వెంట్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి, కాగితం మీద ఆ అంచును నేను గీయగలను. కాన్వాసు మీద, నూనె రంగుతో గీయలేను. ఎవరూ గీయలేరని కూడా అంటాను. నేత గరుకులో గీత విరుగుతుంది. అందుకే కాన్వాసు నకళ్ళలో జుట్టు టోపీ పెట్టినట్టుంటుంది.

పరిమాణం మరొక సమస్య. మూల ముద్రణ సుమారు 39 సెంటీమీటర్ల ఎత్తు, 26 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. దానిని మూడడుగులకు పెంచితే గీత కూడా అంతే లావెక్కాలా, సన్నగానే ఉండాలా? లావెక్కితే సినిమా గోడపత్రికలా ఉంటుంది, సన్నగా ఉంచితే ముఖం వెలవెలబోతుంది. నా మట్టుకు నేను మూలం పరిమాణాన్ని దాటను. అడిగినవారికి "చిన్నది చాలు, దగ్గరగా కూర్చుని చూడండి" అని చెబుతాను. బేరాలు కొన్ని పోయాయి.

నేను వాడేది మల్బరీ జాతి మొక్క నార నుంచి చేసిన జపాను కాగితం. దానిపై జంతువుల తోలు నుంచి తీసిన జిగురులో పటిక కలిపిన నీటిని పల్చగా పూసి ఆరనివ్వాలి, లేకపోతే రంగు అద్దకపు కాగితం మీద సిరాలా పాకుతుంది. 1792, 1793 నాటి ఉతామారో చిత్రాల నేపథ్యంలో కనిపించే వెండి మెరుపు అభ్రకం పొడి. గూడూరు గనుల వైపు పెరిగినవాడిని గనుక ఆ మెరుపు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. బొమ్మను కొద్దిగా పక్కకు వంచితే వెలుగు ముఖం వెనుక నుంచి జారుతుంది. నూనె రంగు నకళ్ళలో దీని బదులు బూడిదరంగు పూస్తారు, ఛాయాచిత్రంలో అది బూడిదరంగులాగే కనిపిస్తుంది గనుక.

రంగుల విషయంలో మోసం మ్యూజియం ప్రతుల నుంచే మొదలవుతుంది. పూల నుంచి తీసిన ఆనాటి నీలం, కుసుమ ఎరుపు, ఊదా వెలుగుకు త్వరగా వెలిసిపోయే రంగులు. మనం చూసే గోధుమ, పసుపు ఛాయలు చాలావరకు రెండు వందల ఏళ్ళ వెలుగు తినేసిన రంగులు. వెలిసిన రంగునే నకలు చేయాలా, వేసిన రోజున ఉన్న రంగునా? బోస్టన్ మ్యూజియానికి స్పాల్డింగ్ సోదరులు 1921లో ఇచ్చిన సుమారు 6,500 ముద్రణలను ఎన్నడూ ప్రదర్శించరాదనే షరతుతో ఇచ్చారు. అందువల్ల వాటి ఊదా, నీలం ఇంకా సజీవంగా ఉన్నాయి. నేను వాటి డిజిటల్ ప్రతులు చూసే రంగులు కలుపుతాను. ఒక్క హెచ్చరిక: ఉతామారో నకలులో గాఢమైన ప్రష్యన్ నీలం కనిపిస్తే అది కాలానికి పొసగదు. ఆ నీలం జపాను ముద్రణల్లోకి విరివిగా వచ్చింది 1830 ప్రాంతంలో. ఎయిసెన్ చిత్రంలో ఉంటే సబబే.

నూనెరంగు

కుంచెపని గారి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉన్నది, కానీ నూనె రంగును అంత తేలికగా కొట్టిపారేయడం న్యాయం కాదు. చేతితో గీసిన ఒయిరన్ నకళ్ళలో ప్రపంచమంతా ఎరిగినది నూనె రంగుతో గీసినదే. 1887లో పారిస్‌లో విన్సెంట్ వాన్ గో ఎయిసెన్ గీసిన వేశ్యను మీటరు ఎత్తుకు పెంచి గీశాడు. అది ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆయన మ్యూజియంలో ఉన్నది. "పారి ఇల్యుస్ట్రే" పత్రిక 1886 మే నెలలో జపాను మీద వేసిన ప్రత్యేక సంచిక ముఖచిత్రాన్ని ఆయన ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తి, గళ్ళు గీసి పెద్దది చేసుకున్నాడు. ఆ ట్రేసింగ్ కాగితం కూడా నేటికీ భద్రంగా ఉన్నది. జుట్టు టోపీలా ఉన్నా, గీత లావుగా ఉన్నా ఆ చిత్రాన్ని ఎవరైనా చెడిపోయిన నకలు అంటారా?

కుంచెపని

అనను. కానీ అది నకలు అని వాన్ గో కూడా అనుకోలేదని నా అభిప్రాయం. ఎయిసెన్ దుస్తుల్లోని గీతలను ఆయన మందపాటి ఎరుపు, పచ్చ పట్టీలుగా మార్చాడు, నేపథ్యమంతా బంగారు పసుపు చేశాడు, చుట్టూ ఎయిసెన్ కలలో కూడా లేని వెదురు, తామరల చెరువు, కప్పలు, కొంగలు చేర్చాడు. కొంగ, కప్ప అనే మాటలు ఆనాటి ఫ్రెంచి వాడుకలో వేశ్యకు మారుపేర్లు. అంటే ఆ అంచులో కూర్చున్నది చిలిపి వ్యాఖ్యానం. వసారా_గోడ గారికి ఊరటనిచ్చే మాట ఇంకొకటి ఉన్నది: ఆ పత్రిక ముఖచిత్రాన్ని తిరగేసి అచ్చువేసింది. దానిని చూసి గీసిన వాన్ గో ఒయిరన్ కూడా ఎయిసెన్ మూలానికి అద్దంలో ప్రతిబింబమే!

వసారా_గోడ

ఈ మాట మా ఆవిడకు చదివి వినిపించాను. "వాన్ గో గీసింది మన వసారాలో లేదు కదా" అన్నది.

గోదారి_గట్టు

చర్చ గీతలు, రంగుల చుట్టే తిరుగుతున్నది గనుక ఒక మాట అడగాలనిపిస్తున్నది. ఈ స్త్రీలు ఎవరు? యోషివారా చుట్టూ నీటి కందకం, రాకపోకలకు ఒకే పెద్ద ద్వారం. పేద తల్లిదండ్రులు తీసుకున్న అప్పుకు బదులుగా చిన్నతనంలోనే అక్కడికి చేరిన పిల్లలు, ఏళ్ళ తరబడి పనిచేసినా దుస్తుల ఖర్చు, తిండి ఖర్చు కలిపి ఆ అప్పు తీరనివ్వని లెక్కలు. దిక్కులేకుండా చనిపోయినవారిని దగ్గరలోని జోకన్-జి ఆలయానికి తెచ్చి వదిలేసేవారు. దానికి "పారవేసే గుడి" అనే పేరు అందుకే వచ్చింది. అక్కడ పూడ్చిన వారి సంఖ్య సుమారు 25,000 అంటారు. ఇది తెలిసిన తరువాత కూడా ఆ బొమ్మను వసారాలో పెట్టుకోవడం నాకు మింగుడుపడడం లేదు.

పాతముద్ర

మీ ప్రశ్న సరైనదే. ఇంకొకటి కూడా చేర్చుతాను: ఆ చిత్రాలు చాలావరకు ఆ వ్యాపారానికి ప్రకటనలు. త్సుతాయా పుట్టింది యోషివారాలోనే, ఆయన మొదటి దుకాణం దాని ద్వారం దగ్గరే. ఏ ఇంట్లో ఏ వేశ్య ఉన్నదో తెలిపే మార్గదర్శి పుస్తకాలు అచ్చువేస్తూ ఆయన పైకి వచ్చాడు. కొత్త కిమోనో నమూనాలకూ ఇవి ప్రచారమే. అయినా 1794 ప్రాంతంలో ఉతామారో యోషివారా పన్నెండు జాములను చూపుతూ వేసిన వరుసను చూడండి. అందులో అతిథి ఎక్కడా ప్రధానం కాడు. నిద్ర చాలని స్త్రీ అర్ధరాత్రి చేతిలో కాగితం పట్టుకుని, కాలితో చెప్పు వెతుక్కుంటూ ఉంటుంది. ప్రకటన కోసం వేసిన బొమ్మలోకి ఆ అలసట ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ చిత్రాన్ని గోడకు పెట్టుకోవడం తప్పని నేను అనలేను. పెట్టుకున్నవారికి ఆమె ఎవరో తెలిసి ఉండాలని మాత్రం అంటాను.

మాట విషయం కూడా అదే. తెలుగులో "వేశ్య" అంటే సరిపోదు, "భోగం" అంటే మన దగ్గరి వేరొక చరిత్ర వచ్చి పడుతుంది, "గణిక" అంటే సంస్కృత నాటకం వాసన వేస్తుంది. "ఒయిరన్" అని అలాగే ఉంచడం మేలనుకుంటున్నాను.

నెల్లూరి_నేరేడు

తెలియక అడుగుతున్నాను. అసలు మొదట్నుంచీ కుంచెతో గీసిన మూల చిత్రాలే లేవా? వాటికి నకలు గీస్తే ఈ చెక్క, కత్తి గొడవ ఉండదు కదా.

కుంచెపని

ఉన్నాయి, మంచి ప్రశ్న. మోరోనోబు గీసిన "వెనుదిరిగి చూస్తున్న సుందరి" పట్టు మీద కుంచెతో వేసినది, టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నది. కైగెత్సుదో ఆందో గీసిన నిలువెత్తు ఒయిరన్‌లు, మియాగావా చోషున్ సుందరులు కూడా కుంచె పనులే. చేతితో నకలు గీయాలనుకునేవారు నిజానికి ఇక్కడే మొదలుపెట్టాలి. ఆందో గీత దుస్తుల అంచున లావుగా ఉబ్బి, మడతలో సన్నబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కలం పట్టినవారికి ఆ ఒరవడి త్వరగా పట్టుబడుతుంది. ముందు నల్లని గీత, తరువాత రంగు అనే క్రమం కూడా ఒకటే.

ఉతామారో కూడా మంచు, చంద్రుడు, పూలు అనే మూడు మహా చిత్రాలను కుంచెతో వేశాడు. మంచు చిత్రం మూడు మీటర్లకు పైగా వెడల్పు, హకోనేలోని ఒకదా మ్యూజియంలో ఉన్నది. చంద్రుడు వాషింగ్టన్‌లో, పూలు హార్ట్‌ఫర్డ్‌లో ఉన్నాయి. 2017లో హకోనేలో మంచు, పూలు చిత్రాలను ఒకచోట చూపినప్పుడు చంద్రుడి చిత్రానికి నకలునే పెట్టారు. మ్యూజియమే నకలు పెట్టిందంటే మనం సిగ్గుపడనక్కరలేదు. అది నకలని పక్కనే చెప్పాలి, అంతే.

నూనెరంగు

అలా అయితే సంతకం సంగతేమిటి? ఉతామారో పేరు, తనిఖీ ముద్ర, త్సుతాయా వారి గుర్తు అయిన మూడు శిఖరాల ఫూజీ పర్వతం కింద ఐవీ ఆకు, ఇవన్నీ నకలులో గీస్తారా?

కుంచెపని

గీస్తాను, అవి చిత్రపు కూర్పులో భాగం గనుక. తీసేస్తే ఆ మూల ఖాళీగా అరుస్తుంది. అయితే వెనుక వైపు చెరపలేని సిరాతో నా పేరు, సంవత్సరం, "నకలు" అనే మాట రాస్తాను. చిత్రకారుడు పోయి రెండు శతాబ్దాలు దాటింది గనుక నకలు గీయడానికి హక్కుల అడ్డంకి లేదు. పాతదని చెప్పి అమ్మితే మాత్రం అది దొంగతనమే.

వసారా_గోడ

దుకాణం వారికి రాశాను. తిరగబడిన మాట నిజమేనని ఒప్పుకుని, "అద్దంలో చూస్తే సరిగ్గా కనిపిస్తుంది" అని జవాబిచ్చారు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ కాన్వాసును దించేశాను. కుంచెపని గారూ, ఓకితానే, మూలం పరిమాణంలో, ఆకుకూర కట్టలతో సహా గీసి ఇవ్వగలరా? వేశ్య అనే చీటీ లేకుండా. మా ఆవిడ అడిగింది ఒక్కటే: బట్ట సరిగ్గా కట్టాలి.

కుంచెపని

తప్పకుండా. అయితే ఇప్పుడే మొదలుపెట్టను. ఈ వానల్లో కాగితానికి పూసిన పటిక, జిగురు సరిగా ఆరవు, కణత దగ్గరి వెంట్రుకలు పాకిపోతాయి. దసరా వెళ్ళాక కాగితం సిద్ధం చేసి, మొదటి గీతల ఛాయాచిత్రం పంపుతాను. మెడ దగ్గర అంచు ఎటు దిగుతున్నదో మీ బావమరిది గారికి ఒకసారి చూపించండి.